పదవీ విరమణ తరువాత పెరటి పిట్టలను చూస్తూ కూర్చోవడం: మీ అనుభవాలు చెప్పండి

పెరటి జామ (తెనాలి)
ఫిబ్రవరి 23, ఉదయం 9.40

సభ్యులందరికీ నమస్కారం. బ్యాంకులో 36 ఏళ్లు పనిచేసి, మూడేళ్ల క్రితం పదవీ విరమణ చేసి, తెనాలిలో మా నాన్నగారు కట్టించిన ఇంటికి తిరిగి వచ్చాను. మొదటి ఆరు నెలలు నేనేం చేశానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పేపరు రెండుసార్లు చదివేవాణ్ణి, మధ్యాహ్నం చూసిన వార్తలే సాయంత్రం మళ్లీ చూసేవాణ్ణి, వంటింట్లోకి వెళ్లి డబ్బాల మూతలు సరిగా పెట్టలేదని మా ఆవిడతో తగువు పెట్టుకునేవాణ్ణి. ఆ తరువాత మోకాలికి శస్త్రచికిత్స జరిగి, ఆరు వారాల పాటు పెరటి వరండాలో పడక కుర్చీకి అతుక్కుపోవలసి వచ్చింది. పిట్టలను చూడాలని నేనేమీ సంకల్పించుకోలేదు. ఎదురుగా చూడడానికి మరేమీ లేదు కాబట్టి చూశాను.

మా పెరడు పెద్దదేమీ కాదు. ఒక జామ, రెండు కొబ్బరి చెట్లు, ఒక కరివేపాకు, గోడ వారగా మందారం, నందివర్ధనం, నూతి పక్కన అరటి పిలకలు, అంతే. అయినా నేను అరవై ఏళ్లుగా ‘పిట్ట’ అనే ఒకే మాటతో సరిపెట్టినవి కనీసం పన్నెండు రకాలని ఆ ఆరు వారాల్లో తెలిసింది. ఇంకా వెలుతురు రాకముందే నల్లటి, తెల్లటి పెద్ద నల్లంచి ఒకటి పక్కింటి డిష్ మీద కూర్చుని ఈల వేస్తుంది. అది ఆపే వేళకు కాకులు లేస్తాయి. అంట్లు తోమే గట్టు దగ్గరికి గోరింకలు నడుచుకుంటూ వస్తాయి, అవును, ఎగిరి కాదు, మునసబు గారు పొలం చూసుకోవడానికి వచ్చినట్టు నడుచుకుంటూ వస్తాయి. ఎనిమిదింటికి పిగిలిపిట్టల జంట జామ మీద వాలి, పండిన వైపు ఏదో మనకంటే ముందే కనిపెట్టి, సరిగ్గా అక్కడే పొడుస్తుంది.

ఈ చర్చ మొదలుపెట్టడానికి అసలు కారణం వేరు. నాలుగు రోజులుగా వరండా చివర బట్టలారేసే తీగకు ఒక ఆడ తేనెపిట్ట గూడు కడుతోంది. పైకప్పు మూలల్లోని సాలెగూడు పోగులను ముక్కుకు చుట్టుకుని వచ్చి, తీగకు రాసి, అటు తిరిగి మళ్లీ రాస్తుంది. ఆ జిగురు పట్టిన తరువాతే గడ్డి పీచు తెస్తుంది. ఇప్పటికి నా బొటనవేలంత పొడవున ఏదో వేలాడుతోంది. మగపిట్ట ప్రతిసారీ వెంట వస్తుంది, కరివేపాకు కొమ్మ మీద కూర్చుని కీచుమంటుంది, ఒక్క పోగు కూడా తేదు. ఈ సంగతి మా ఆవిడతో అంటే, ‘తోడు రావడమే నయం’ అని లోపలికి వెళ్లిపోయింది.

నాకు రెండు సందేహాలు ఉన్నాయి. నిరుడు ఇక్కడ తిరిగిన మగ తేనెపిట్ట ఒళ్లంతా నల్లగా, నీలంగా మెరిసేది. ఇప్పుడు వస్తున్నదాని పొట్ట పసుపుగా ఉంది. ఒకటే పిట్ట రంగు మార్చుకుందా? రెండవది, మీలో ఎవరైనా ఇలా చూసినవి రాసి పెట్టుకుంటారా, లేక ఊరికే చూస్తారా?

---

చిట్టా పుస్తకం (విశాఖపట్నం)
ఫిబ్రవరి 23, మధ్యాహ్నం 2.15

పెరటి జామ గారూ, మీ మొదటి సందేహం చాలా మంచిది, ఎందుకంటే రెండు సమాధానాలకూ అవకాశం ఉంది. మీరు నిరుడు చూసిన నల్లటి తేనెపిట్ట నిజంగానే రంగు మారుస్తుంది. సంతానపు రుతువు ముగిశాక మగది ఆ మెరుపునంతా విడిచి, ఆడదానిలాగా కింద భాగమంతా పసుపుగా మారి, గొంతు నుంచి పొట్ట వరకు మధ్యలో ఒక్క నల్లటి చార మాత్రం మిగుల్చుకుంటుంది. రెండవ రకం తేనెపిట్టలో మగదానికి వీపు ముదురు ఎరుపు, గొంతు ఊదా, పొట్ట ఏడాది పొడుగునా పసుపే. ఎండలో నెత్తి మీద, భుజం మీద పచ్చటి మెరుపు కనిపిస్తే అది ఈ రెండవ రకమే. ఆడదాని గొంతు తెల్లగా, రొమ్ము పసుపుగా ఉన్నదో లేదో కూడా చూడండి.

ఇక రాసుకోవడం గురించి. నేను ఇరవై ఏళ్లుగా రాస్తున్నాను కాబట్టి నా పక్షపాతం ముందే ఒప్పుకుంటాను. రాయకపోతే, పిగిలిపిట్ట గూడు నిరుడు ఏ నెలలో కట్టిందో మీ జ్ఞాపకం మీకు నచ్చిన జవాబే చెబుతుంది. నిజాం ప్రభుత్వ కాలంలో 1931–32లో సలీం అలీ హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల వివరాలు నమోదు చేశారు కాబట్టే, తొంభై ఏళ్ల కిందట ఆ ప్రాంతాల్లో ఏవి ఉండేవో ఈ రోజు మనం మాట్లాడుకోగలుగుతున్నాం. మీ పెరడు సంస్థానం కాకపోవచ్చు, కానీ దానికి మీరొక్కరే చరిత్రకారులు.

గూటికి రెండు మీటర్ల దూరం పాటించండి, ఫ్లాష్ వేసి ఫొటోలు తీయకండి. గుడ్లు సాధారణంగా రెండు ఉంటాయి. పొదగడానికి రెండు వారాల పైన, పిల్లలు ఎగరడానికి మరో రెండున్నర వారాలు పడుతుంది. బట్టలకు వేరే తీగ కట్టుకోక తప్పదు.

---

కరివేపాకు రెమ్మ (హనుమకొండ)
ఫిబ్రవరి 24, ఉదయం 6.50

అన్నయ్య గారూ, మీ వరండాలో తేనెపిట్ట అయితే మా ఇంట్లో దర్జీ పిట్ట. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో 33 ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. అందులో సగం రాత్రి డ్యూటీలే. రిటైరైన తరువాత కూడా మూడింటికే మెలకువ వచ్చేది, ఎవరి సెలైన్ అయిపోయిందోనని లేచి కూర్చునేదాన్ని. ఆ వేళలో చేయడానికి ఏముంటుంది? టీ పెట్టుకుని వెనక గుమ్మంలో కూర్చోవడం అలా అలవాటైంది.

నిరుడు శ్రావణంలో, నేను వేసిన వంగ మొక్క ఆకులు రెండు దగ్గరగా మడిచినట్టు కనిపించి, పురుగు పట్టిందేమోనని తుంచబోయాను. దగ్గరికి వెళ్లి చూస్తే కుట్లు! మనం బట్ట కుట్టినట్టు ఒకే దారం చివరి దాకా పోదు. ముక్కుతో ఆకు అంచున చిల్లి పొడిచి, దూది పోగు దూర్చి, అవతలి ఆకులోంచి లాగుతుంది; పోగు చివర చిల్లి బయట ఉబ్బి నిలవడం వల్ల జారిపోదు. తరువాతి కుట్టు మళ్లీ విడిగా. గాయాలకు మేము వేసే విడి కుట్లు కూడా సరిగ్గా ఇలాగే ఉంటాయి, ఒకటి తెగినా మిగతావి నిలబడాలని అలా వేస్తాం. ఒక్కో ఆకుకు ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టి, ఇంత చక్కగా వేయడానికి నాకు రెండేళ్ల శిక్షణ పట్టిందని మా కోడలితో అన్నాను.

పది గ్రాములు కూడా తూగని పిట్ట అది. కానీ గొంతెత్తితే వీధి చివర వరకు వినిపిస్తుంది. ఆ ఏడాది మేము వంకాయలు కొనుక్కునే తిన్నాం.

---

నాలుగో అంతస్తు (హైదరాబాద్)
ఫిబ్రవరి 24, రాత్రి 8.05

మీ అందరి పెరళ్లు చదివి సంతోషంగానూ, కొంచెం కుళ్లుగానూ ఉంది. మాది అపార్టుమెంటు. నాకు తెలిసిన పక్షి ఒక్కటే, అది పావురం. ఏసీ యంత్రం వెనుక గుడ్లు, తులసి కోటలో రెట్టలు, తెల్లవారుజామున గురగుర శబ్దం. కింది అంతస్తులో ఒక పెద్దమనిషి పుణ్యమని రోజూ కిలో జొన్నలు చల్లుతారు. ఆ పుణ్యమంతా మా బాల్కనీలో తెల్లగా పడుతోంది. పావురాల రెట్ట, ఈకల ధూళి ఏళ్ల తరబడి పీల్చిన కొందరికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుందని వైద్యులే హెచ్చరిస్తున్నారు. సంఘం సమావేశంలో చెబితే, ‘నోరులేని జీవాలు కదా’ అన్నారు. పిట్టలను చూడడం ప్రశాంతత అని మీరంటున్నారు కానీ, నాకు రక్తపోటు పెరుగుతోంది. వల కట్టించుకోవడం తప్ప మార్గం లేదా?

---

ఏటిగట్టు (కోనసీమ)
ఫిబ్రవరి 25, ఉదయం 7.30

నాలుగో అంతస్తు గారి బాధ అర్థమైంది. కానీ గింజలు వేసే అలవాటునంతటినీ పావురాల ఖాతాలో రాయవద్దని నా మనవి. మా వైపు సార్వా కోతలప్పుడు మంచి కంకులు ఏరి, కుచ్చులుగా అల్లి, చూరుకూ గుడి మండపానికీ కట్టడం మా తాతల నాటి అలవాటు. ఆ కుచ్చు మీద పిచ్చుక తలకిందులుగా వేలాడి, గింజను ముక్కులో అటూ ఇటూ తిప్పి, ఊకను కిందికి వదిలి బియ్యం మాత్రం మింగే తీరు గంటసేపు చూసినా విసుగనిపించదు. వేలాడే కుచ్చు పావురానికి అనువుగా ఉండదు. అంత బరువున్న పక్షి దాని మీద నిలవలేదు. మా పెద్దవాళ్లకు ఈ సంగతి తెలిసే అలా కట్టారో, అందంగా ఉందని కట్టారో చెప్పలేను.

నేను పంచాయతీరాజ్ శాఖలో చేసి వచ్చాను. ఊళ్లో పెంకుటిల్లు పడగొట్టి డాబా వేసింది నేనే కాబట్టి, పిచ్చుకలు తగ్గాయని ఎవరినీ తిట్టే హక్కు నాకు లేదు. దూలాల సందుల్లో, పటాల వెనుక ఉండే గూళ్లన్నీ ఆ ఇంటితోనే పోయాయి. రిటైరయ్యాక కుమ్మరి చేత మూడున్నర సెంటీమీటర్ల చిల్లి పెట్టించి నాలుగు చిన్న కుండలు చేయించి, డాబా మెట్ల కింద కట్టాను. మొదటి ఏడాది ఒక్కటీ రాలేదు. రెండో ఏడాది ఒక కుండలో చీమలు కాపురం పెట్టాయి. మూడో ఏడాది ఒక మగ పిచ్చుక ఆ చిల్లి ముందు కూర్చుని రోజంతా ఒకటే మాట పదేపదే అనడం మొదలుపెట్టింది, ఇల్లు చూపించి పెళ్లి చేసుకునే రకం అన్నమాట. ఇప్పుడు మూడు కుండలు నిండాయి. పిల్లలకు మాత్రం గింజలు పెట్టవు, పురుగులే తెస్తాయి. అందుకే ఇంటి చుట్టూ మందు కొట్టడం మానేశాను.

---

చిట్టా పుస్తకం (విశాఖపట్నం)
ఫిబ్రవరి 25, ఉదయం 11.20

నాలుగో అంతస్తు గారూ, వల కట్టించుకోండి, అందులో పాపమేమీ లేదు. గింజలకు బదులు నీళ్లు పెట్టండి. వెడల్పాటి మట్టి మూకుడు, రెండంగుళాలకు మించని లోతు, మధ్యలో పిట్ట నిలబడడానికి ఒక రాయి. రోజూ పొద్దున పాత నీళ్లు పారబోసి, పీచుతో రుద్ది కడిగి కొత్తవి పోయాలి. వారం పాటు వదిలేస్తే పిట్టలకు బదులు దోమలు పెరుగుతాయి. మార్చి దాటితే గింజల కంటే నీళ్లకే ఎక్కువ రకాలు వస్తాయి, ఎందుకంటే గింజ తినని తేనెపిట్టకూ పిగిలిపిట్టకూ కూడా దాహం వేస్తుంది.

మరొక మాట. నాలుగో అంతస్తు అంటే మీ కళ్లు చెట్ల తలల ఎత్తులో ఉన్నాయి. కింద ఉన్న మేమందరం మెడలు నొప్పి పుట్టేలా పైకి చూస్తాం. ఎదురుగా వేపో రావో ఉంటే ఒక పావుగంట చూసి చెప్పండి.

పావుగంట అని ఊరికే అనలేదు. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతటా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. అది 1998లో అమెరికాలో మొదలైంది, 2013 నుంచి మన దేశంలోనూ జరుగుతోంది. ఒక చోట కనీసం పదిహేను నిమిషాలు నిలిచి, కనిపించినవన్నీ రాసి, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెడితే చాలు. కాకి, గోరింక, పావురం కూడా లెక్కే. ఈ ఏటిది ఇప్పుడే ముగిసింది. రాబోయే ఏటికి సిద్ధం కావడానికి మీకు ఏడాది వ్యవధి ఉంది.

---

పెరటి జామ (తెనాలి)
మార్చి 9, సాయంత్రం 5.30

మిత్రులారా, గూడు పూర్తయింది. నా పిడికిలికి కొంచెం పెద్దదిగా, పొడుగాటి సంచిలాగా ఉంది. పక్కన గుమ్మం, గుమ్మానికి పైన చిన్న చూరు. బయటంతా ఎండిన బెరడు ముక్కలు, గొంగళిపురుగు పెంట, ఏవో తెల్లటి పొలుసులు అతికించి ఉండడం వల్ల, సంగతి తెలియనివాళ్లకు చీపురుకు చిక్కిన చెత్తలాగా కనిపిస్తుంది. మా పనిమనిషి అలాగే అనుకుని దులపబోతే మా ఆవిడ కేకవేసి ఆపింది. మగదాని నెత్తి మీద పచ్చటి మెరుపు చూశాను, వీపు ముదురు ఎరుపే. కాబట్టి చిట్టా పుస్తకం గారు చెప్పిన రెండవ రకమే.

మూడు రోజులుగా ఆడది లోపలే కూర్చుంటోంది. గుమ్మంలోంచి వంకర ముక్కు మాత్రం బయటికి కనిపిస్తుంది, అప్పుడప్పుడు ఒక కన్ను. మగది ఎక్కువ సమయం నా స్కూటరు అద్దంలోని తన ప్రతిబింబంతో యుద్ధం చేస్తూ గడుపుతోంది. ముక్కు విరగ్గొట్టుకుంటుందేమోనని రెండు అద్దాలకూ గుడ్డ సంచులు తొడిగాను. నిన్న కూరగాయల బజారుకు ఆ సంచులతోనే వెళ్లి, దారిలో ముగ్గురికి సమాధానం చెప్పుకున్నాను.

రాయడం మొదలుపెట్టాను. బ్యాంకు వారు ఇచ్చిన పాత డైరీలు ఆరు ఇంట్లో ఖాళీగా పడి ఉన్నాయి. ఎడమ పేజీలో వేళ, కుడి పేజీలో ఏం జరిగింది. మొదటి రోజు అలవాటు కొద్దీ పేజీ కింద మొత్తం వేసి సంతకం పెట్టాను. బైనాక్యులర్ కొనాలా అని అడుగుదామనుకున్నాను. అల్లుడు పంపిస్తానంటున్నాడు.

---

చిట్టా పుస్తకం (విశాఖపట్నం)
మార్చి 9, రాత్రి 9.00

పంపిస్తే వద్దనకండి, కానీ 8x42 అని రాసి ఉన్నదే తీసుకోమనండి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో చెబుతుంది, రెండవది ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. పన్నెండు, ఇరవై రెట్లంటూ ఆశపడితే, మన వయసు చేతుల వణుకు కూడా అన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుంది. వరండాలోని గూటికి మాత్రం అది అవసరమే లేదు.

---

వలస పక్షి (ఎడిసన్, న్యూజెర్సీ)
మార్చి 12, ఉదయం 6.10

మా అబ్బాయి దగ్గరికి ఆరేసి నెలల చొప్పున రావడం ఇది మూడోసారి. వచ్చిన కొత్తలో ఈ దేశపు మధ్యాహ్నాలు నన్ను చాలా బాధపెట్టాయి. పొద్దున ఎనిమిదింటికి అందరూ వెళ్లిపోతే మళ్లీ సాయంత్రం ఆరింటి దాకా ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప మరో చప్పుడు ఉండదు, వీధిలో పలకరించే మనిషి కనబడడు. కళాశాలలో పాఠం చెప్పి చెప్పి అలసిన గొంతుకు పది గంటల మౌనం వరమనుకుంటాం కానీ, కాదు.

నిరుడు మా మనవడు వెనక డెక్ మీద చక్కెర నీళ్ల సీసా వేలాడదీశాడు. ఒక వంతు చక్కెర, నాలుగు వంతుల నీళ్లు, రంగు కలపకూడదట. మే మొదటి వారంలో ఒక హమ్మింగ్‌బర్డ్ వచ్చింది. మూడు నాలుగు గ్రాముల ప్రాణి, సెకనుకు యాభై సార్లు రెక్కలాడిస్తూ, గాలిలో మేకు కొట్టినట్టు ఒకే చోట నిలబడింది. నేను వెంటనే మా ఊరికి ఫోన్ చేసి, ఇక్కడ కూడా తేనెపిట్ట ఉందని చెప్పాను. తరువాత తెలిసింది, రెండింటికీ చుట్టరికం లేదట. మన తేనెపిట్ట మామూలుగా కొమ్మ మీద వాలి తాగుతుంది, ఇది గాలిలో నిలిచే తాగుతుంది. ఒకే పని చేయడం వల్ల ముక్కులు ఒకేలా తయారయ్యాయి. సెప్టెంబరు ఆఖరికి అది దక్షిణానికి వెళ్లిపోయింది. అక్టోబరులో నేనూ వెళ్లిపోయాను.

ఈసారి మంచు ఉండగానే వచ్చాను. ఆకులు లేని కొమ్మ మీద, తెల్లటి మంచుకు ఎదురుగా, కుంకుమ పోసినట్టున్న కార్డినల్ కూర్చుంటే వంటగది కిటికీ దగ్గర నా కాఫీ చల్లారిపోతోంది. ఇందులో ఆడది కూడా పాడుతుంది. సీసా మళ్లీ ఎప్పుడు కట్టాలని మనవణ్ణి అడిగితే, ఏప్రిల్ చివరి వారం అన్నాడు. క్యాలెండర్‌లో నేను గుర్తు పెట్టుకున్న మొదటి అమెరికా పండుగ అదే.

---

పొద్దుగూకులు (కర్నూలు)
మార్చి 15, మధ్యాహ్నం 12.30

నాకు పిట్టల పేర్లు తెలియవు, కాకి తప్ప. మా ఆవిడ రోజూ పదింటికి పిట్టగోడ మీద ఒక ముద్ద అన్నం పెట్టేది. ఆమె పోయి రెండేళ్లయింది. వచ్చే కాకుల్లో ఒకదానికి పై ముక్కు కొన విరిగి ఉంటుంది కాబట్టి దాన్ని గుర్తుపట్టగలను. ఆమె పోయిన తరువాత కొన్నాళ్లు నేను బయటి నుంచి క్యారియర్ తెప్పించుకున్నాను, అది పన్నెండున్నరకు వచ్చేది. ఆ కాకి పదింటికే వచ్చి కూర్చునేది. దాని కోసం పదిలోగా అన్నం వండడం నేర్చుకున్నాను.

నిరుడు జూన్‌లో ఆ విరిగిన ముక్కు కాకి తనకంటే వేరుగా ఉన్న ఒక పిల్లకు అన్నం నోట్లో పెట్టడం చూశాను. కోకిల పిల్ల అని ఎదురింటి కుర్రాడు చెప్పాడు. నేనేమీ అనలేదు. రెండో ముద్ద పెట్టాను.

---

కరివేపాకు రెమ్మ (హనుమకొండ)
మార్చి 15, సాయంత్రం 4.45

అన్నగారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఈ మధ్య కాకికి ఉప్పూ కారం కలిపినవి పెట్టకండి, వట్టి అన్నం చాలు. నర్సును కదా, చెప్పకుండా ఉండలేను.

---

ఏటిగట్టు (కోనసీమ)
మార్చి 18, ఉదయం 8.10

కోకిల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఉగాది రోజులు వచ్చాయి, మా మామిడితోటలో అది తెల్లవారక ముందే మొదలుపెడుతోంది. చిన్నప్పటి నుంచి పద్యాల్లో కోకిలమ్మ అనే చదువుకున్నాం. కానీ మొన్న కూస్తుండగా చూస్తే నల్లటిది, కళ్లు ఎర్రగా ఉన్నాయి, పక్కనే గోధుమ రంగు మీద తెల్లటి చుక్కలున్న మరొక పిట్ట నోరు మూసుకుని కూర్చుంది. అమ్మ ఏది, అయ్య ఏది?

---

చిట్టా పుస్తకం (విశాఖపట్నం)
మార్చి 18, ఉదయం 10.00

కూసేది అయ్య. చుక్కల చీర కట్టినది అమ్మ. ఆమె మాట్లాడితే ‘కిక్ కిక్ కిక్’ అని గబగబా నాలుగు మాటలు, అంతే. కవులు సవరించుకుంటారని నేను అనుకోను.

---

నాలుగో అంతస్తు (హైదరాబాద్)
మార్చి 20, సాయంత్రం 6.40

మూకుడు పెట్టి మూడు వారాలయింది. వల కూడా కట్టించాను, ఒక మూల మూకుడు పట్టేంత జాగా బయటికి వదిలి. మొదటి వారం పావురాలే తాగాయి. అబద్ధం ఎందుకు, ఇప్పటికీ తాగుతున్నాయి. కానీ పదకొండో రోజున పిగిలిపిట్ట వచ్చింది. తోక కింద ఎర్రటి మచ్చ ఉంటుందని ఎక్కడో చదివి ఉండకపోతే నాకది తెలిసేది కాదు. ముందు రాయి మీద నిలబడి నాలుగు వైపులా చూసింది, ఒక్క గుటక వేసి తల పైకెత్తింది, మళ్లీ చూసింది, తరువాత ఒక్కసారిగా దూకి నా గాజు తలుపు తడిసేలా స్నానం చేసింది. తలుపు తుడవలేదు.

ఎదురుగా సంఘం వారు కొట్టేయాలనుకుంటున్న రావిచెట్టు ఉంది. రోజంతా సుత్తితో రాగి చెంబు కొట్టినట్టు ‘టుక్ టుక్’ శబ్దం వస్తుంటే, ఇన్నేళ్లూ ఎక్కడో మోటారు పాడైందనుకున్నాను. అది కంసాలి పిట్టట. నుదుటి మీద ఎర్రటి బొట్టుతో, పచ్చగా, నా పిడికిలంత ఉంది. కూసినప్పుడల్లా తల పక్కకు తిప్పుతుంది కాబట్టి శబ్దం ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వినిపిస్తుంది. రాబోయే సమావేశంలో ఆ చెట్టు గురించి మాట్లాడాలని రెండు పేజీలు రాసుకున్నాను. రక్తపోటు మాత్రం తగ్గలేదు.

---

పెరటి జామ (తెనాలి)
మార్చి 25, ఉదయం 10.15

నాలుగు రోజుల క్రితం పిల్లలు బయటపడ్డాయి. చూడలేదు, ఆడది ముక్కున పురుగుతో రావడం, వెళ్లేటప్పుడు తెల్లటి రెట్ట మూటను నోట కరచుకుని పోవడం చూసి గ్రహించాను. మగది కూడా ఇప్పుడు మేత తెస్తోంది, కాబట్టి మొదట్లో నేను దాని మీద చేసిన వ్యాఖ్యను ఉపసంహరించుకుంటున్నాను. నిన్న తొమ్మిది నుంచి పది వరకు లెక్క రాశాను: ఆడది పద్నాలుగు సార్లు, మగది తొమ్మిది సార్లు.

నిన్ననే ఒక గండం గడిచింది. జెముడు కాకి అరటి పిలకల్లోంచి గోడ మీదికి వచ్చింది. ఎర్రటి కళ్లు, ఇటుక రంగు రెక్కలు. గూటి వైపు రెండు అడుగులు వేసి ఆగి, తల వంచి చూసింది. గుడ్లూ పిల్లలూ తినడం దానికి అలవాటే. నేను మోకాలి సంగతి మరిచి లేచి చప్పట్లు కొట్టాను, అది దబదబ రెక్కలు కొట్టుకుంటూ వెళ్లిపోయింది. ప్రకృతిలో మనం జోక్యం చేసుకోవచ్చునా అని రాత్రంతా ఆలోచించాను.

---

చిట్టా పుస్తకం (విశాఖపట్నం)
మార్చి 25, మధ్యాహ్నం 1.00

కఠినంగా ఉంటుందేమో కానీ చెప్పక తప్పదు. జెముడు కాకికీ ఎక్కడో పిల్లలు ఉండవచ్చు. మనం చూస్తున్న గూడు మనది కాదు. నేనైతే కదిలేవాణ్ణి కాదు.

---

కరివేపాకు రెమ్మ (హనుమకొండ)
మార్చి 25, మధ్యాహ్నం 1.20

నేనైతే చప్పట్లతో పాటు చీపురు కూడా తీసేదాన్ని. నెల రోజులు కాపలా కాసిన తరువాత న్యాయాన్యాయాల విచారణ ఎవరికి గుర్తుంటుంది?

---

పెరటి జామ (తెనాలి)
మార్చి 25, మధ్యాహ్నం 3.00

చిట్టా పుస్తకం గారి మాటలో తప్పేమీ లేదని ఒప్పుకుంటున్నాను. అది మళ్లీ వస్తే మళ్లీ చప్పట్లు కొడతాను.

---

పెరటి జామ (తెనాలి)
ఏప్రిల్ 7, ఉదయం 11.50

వారం రోజులుగా గుమ్మంలో రెండు ముక్కులు ఇరుక్కుని కనిపిస్తున్నాయి. ఇవాళ ఉదయం ఆడది పురుగుతో వచ్చి గూటికి వెళ్లకుండా కరివేపాకు మీద కూర్చుని పిలవడం మొదలుపెట్టింది. సమయం వచ్చిందని అర్థమై కాఫీ కూడా ఇక్కడికే తెప్పించుకున్నాను. ఏడున్నర నుంచి పదింబావు దాకా కుర్చీలోంచి కదలలేదు. ఒక పిల్ల సగం బయటికి వచ్చి, తీగ కింద ఎంత ఖాళీ ఉందో చూసి, మళ్లీ లోపలికి పోయింది.

పదింబావుకు వీధి గుమ్మంలో గ్యాసు బండ అబ్బాయి పిలిచాడు. వెళ్లి, ఓటీపీ చెప్పి, డబ్బులిచ్చి, చిల్లర లెక్కపెట్టుకుని వచ్చేటప్పటికి మూడు నిమిషాలు పట్టిందేమో. గూడు ఖాళీగా ఊగుతోంది. మా ఆవిడ చేతిలో తడి బట్టల బకెట్‌తో తలుపు దగ్గర కదలకుండా నిలబడి ఉంది. ‘మొదటిది నందివర్ధనం దాకా వెళ్లింది, రెండోది నా భుజం తగిలించుకుంటూ పోయింది’ అని మెల్లగా చెప్పింది. ఆ తరువాత నా డైరీ తీసుకుని, కుడి పేజీలో తనే రాసింది. మొత్తం వేయలేదు, సంతకం మాత్రం పెట్టింది.

పాత గూటినే మళ్లీ వాడుకోవడం అప్పుడప్పుడు జరుగుతుందని చదివాను కాబట్టి తీగను అలాగే ఉంచుతున్నాం. బట్టలు నూతి వైపే ఆరేస్తున్నాం.